వారవారము ఊరి లెక్క

వరదకాలమున ధవళేశ్వరమువద్ద గోదావరి నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు చేరినపుడు రెండవదియు, 17.75 అడుగులకు చేరినపుడు మూడవదియు వెలువడును. ఈ అంకెల భావమేమో కోనసీమ లంకలలోని వృద్ధురాలికిగాని, యానాములో వలవేసి బ్రదుకువానికిగాని, రాజమహేంద్రవరమున గోదావరి గట్టుమీద చిన్న అంగడి నడుపుకొనువానికిగాని ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. రెండవ హెచ్చరిక యని చెవిని పడినంతనే పశువులను ఏటిగట్టుమీదికి ఎప్పుడు తోలవలెనో, ధాన్యపు బస్తాలను అటకకు ఎప్పుడు ఎక్కింపవలెనో, ముసలివారిని, పసిబిడ్డలను ఏ పడవలో దాటింపవలెనో వారే నిర్ణయించుకొందురు. భద్రాచలమువద్ద మట్టము 43 అడుగులు దాటినదని విన్నప్పుడే దిగువవారు లెక్క వేసికొన నారంభింతురు. 1986 ఆగస్టు వరదను కన్నులార చూచిన తరము ఈ లెక్కను తన బిడ్డలకు నేర్పినది. 2022 జులైలో మూడవ హెచ్చరిక వెలువడినపుడు ఆ బిడ్డలు దానిని తమంత తాము అర్థము చేసికొనగలిగిరి.

ప్రభుత్వమునుండి ప్రజలకు చేరు సమాచారములలో ఇంత చక్కగా పనిచేయునది ఈ డెల్టాలో మరియొకటి నాకు కానరాదు. దానికొక స్థిరమైన చోటు కలదు. కొలబద్ద అందరకును ఒక్కటే. వేళ తప్పక వెలువడును. విన్నవాడు చేయవలసిన పని ఆ మాటలోనే ఇమిడియుండును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు: నీరు తీసిన పిదప హెచ్చరికను ఉపసంహరించినట్లు మరల ప్రకటింతురు. ఆడిన మాటను దాని ముగింపువరకు విడువక అనుసరించు ఈ నియమము నదికి సంబంధించిన వార్తకు ఉండగా, నగరపాలనకు సంబంధించిన వార్తకు ఏల లేకపోయెను? ఈ వ్యాసమున నేను విచారింపదలచినది ఇదియే.

ఒక వీధిలో మురుగుకాలువ కట్టుటకై రోడ్డు త్రవ్విరనుకొందము. శంకుస్థాపన జరిగిననాడు కొబ్బరికాయ కొట్టుచున్న పెద్దల ఛాయాచిత్రము పత్రికలలో పడును. అటుపిమ్మట ఆ పనికి వేసిన అంచనా ఎంత, దక్కించుకొన్న కాంట్రాక్టరు ఎవరు, ఏ తేదీనాటికి ముగింతునని ఒప్పందమున వ్రాసియిచ్చెను, ఇంతవరకు బిల్లుల రూపమున ఎంత సొమ్ము చెల్లించిరి, నడుమ పని ఆగుటకు కారణమేమి అను సంగతులు ఆ వీధివారికి సులభముగా తెలియు మార్గము లేదు. ఇంజనీరింగు విభాగమున ఆ కాగితములన్నియు ఉండును. అవి లేకుండ బిల్లు కాదు. ఐనను కాగితమున్న చోటికిని గుంత యున్న చోటికిని నడుమ సంబంధము లేదు. చివరకు పని ముగిసినను, ముగిసినదను వార్త రాదు. ముగియకున్నను, ముగియలేదను వార్త రాదు. ఆరంభమే గాని ఉపసంహరణ లేని ఇట్టి వార్తలవలన ప్రజలకు మిగులునది అపనమ్మకము. నిజముగా చక్కగా జరిగిన పనులు సైతము ఆ అపనమ్మకములో కొట్టుకొనిపోవుచున్నవి. శ్రద్ధగా పనిచేసిన ఉద్యోగికి దక్కవలసిన మంచిపేరు దక్కుటలేదు.

ఈ కొరత రాజమహేంద్రవరమున కనబడుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. ఏలయన స్థానికవార్త ఎట్టిదై యుండవలెనో తెలుగువారికి నేర్పిన ఊరిది. 1874 అక్టోబరులో, ధవళేశ్వరమున పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండిన కందుకూరి వీరేశలింగముపంతులుగారు, ఇరువదియారేండ్ల ప్రాయమున, 'వివేకవర్ధని' పత్రికను స్థాపించిరి. తొలిసంచికలను చెన్నపట్టణములో అచ్చువేయించి తెప్పించుకొనవలసి వచ్చెడిది. తరువాత రాజమహేంద్రవరముననే ముద్రాయంత్రము నెలకొల్పుకొనిరి. వితంతు వివాహములకై పోరాడిన పత్రికగా దానిని మనము స్మరింతుము, అది న్యాయమే. 1881 డిసెంబరు 11వ తేదీన ఈ ఊరిలో జరిగిన తొలి వితంతు వివాహమునకు వెనుక ఆ పత్రిక ఏండ్ల తరబడి దున్నిన నేల యున్నది. ఐనను ఆ పత్రిక ఊరికి చేసిన సేవలో మరియొక పార్శ్వము మనచేత తగినంతగా స్మరింపబడుట లేదు. న్యాయస్థానములలో లంచము చేతులు మారు తీరును, ప్లీడర్ల కుతంత్రములను, ఉద్యోగుల అక్రమములను ఆయన ఇరుగుపొరుగు చదువునట్లుగా అచ్చువేసెను. దూరదేశపు రాజుల వృత్తాంతములు వ్రాయుటకు ధైర్యమక్కరలేదు. రేపటి ఉదయము బజారులో ఎదురుపడు మనిషినిగూర్చి నిజము వ్రాయుటకు ధైర్యము కావలెను, ఆధారమును కావలెను. ఆ రెండును ఆయనకు కలవు. 'హాస్యసంజీవని' యను అనుబంధములో ప్రహసనముల రూపమునను, 'వ్యవహార ధర్మబోధిని' యను నాటకములో జనుల వాడుకమాటలతోను ఆయన చూపినది ఈ ఊరి కచ్చేరీ వసారానే.

భాషవిషయమున ఆయన చేసినది కూడ ఇక్కడ చెప్పదగియున్నది. 'విగ్రహతంత్రము'వంటి రచనలలో ప్రౌఢగ్రాంథికమును అలవోకగా నడిపిన ఆ పండితుడే, పత్రిక పెట్టిన పిదప జనులకు సుబోధమగు శైలిని కోరి యెన్నుకొనెను. వార్త ఎవరికై వ్రాయబడుచున్నదో వారికి అర్థము కాకున్నచో అది వార్తయే కాదని ఆయన ఆచరణయే చాటినది. నేడు నగరపాలక సంస్థల ప్రకటనలు చదువువారికి ఈ సంగతి తరచు జ్ఞప్తికి రాక మానదు. టెండరు ప్రకటనలోని తెలుగు, పన్ను నోటీసులోని తెలుగు, ఇంటి ప్లాను నిరాకరణ పత్రములోని తెలుగు చదివి, అందు తనను ఏమి చేయుమనుచున్నారో గ్రహింపగల గృహస్థులు ఎందరు? ప్రౌఢవాక్యములయందు మక్కువ కలవాడనైనను, కుళాయి ఎన్నడు రాదో చెప్పు కాగితమున ఆ ప్రౌఢిమకు చోటు లేదని నా దృఢాభిప్రాయము.

ఆ కాలపు రాజమహేంద్రవరమున పత్రికయు పురపాలనయు ఇంచుమించు కలిసి పెరిగినవి. 1866లో ఇక్కడ పురపాలక సంఘము ఏర్పడినది. 1878లో లిట్టన్ ప్రభువు తెచ్చిన దేశభాషాపత్రికల చట్టము చెన్నరాజధానికి వర్తింపలేదు. ఆ వెసులుబాటు తెలుగు పత్రికలకు ఊపిరి పోసినది. అదే సంవత్సరము సెప్టెంబరు 20న చెన్నపట్టణములో 80 ప్రతులతో వారపత్రికగా పుట్టిన 'ది హిందూ' స్థాపకులైన ఆరుగురు యువకులలో ఒకరు, తరువాత రాజమహేంద్రవరమున న్యాయవాదియై స్థిరపడిన న్యాపతి సుబ్బారావుపంతులుగారు. 'చింతామణి' పత్రికకు ప్రాపుగా నిలిచినదియు ఆయనయే. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానమును, దాని వెంట 1884 పురపాలక చట్టమును రాగా, ఊరి పెద్దలను ఎన్నుకొను హక్కు కొందరికైనను దక్కినది. హక్కు దక్కినవారు కొద్దిమంది, చదువు వచ్చినవారు అంతకంటె కొద్దిమంది. ఐనను సభలో ఏమి జరిగినదో మరునాడు వీధి అరుగులమీద చర్చకు వచ్చెడిది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో యువన్యాయవాదిగా నుండిన టంగుటూరి ప్రకాశముగారు ఈ పురపాలక సంఘమునకు అధ్యక్షులైనప్పుడు చెలరేగిన కక్షలు, పోటీలు ఆయన ఆత్మకథ చదివినవారికి తెలియును. వోటు కొందరిదే యైనను, వార్త ఊరందరిదిగా నుండెను.

నేటి స్థితి దీనికి విపర్యయముగా నున్నది. వోటు అందరిదైనది, వోటు వేయు సందర్భమే రాకున్నది. 1994లో కార్పొరేషనుగా పెరిగిన ఈ నగరమున, 2014లో ఎన్నికైన పాలకవర్గపు గడువు 2019లో తీరినది. 2021లో రాష్ట్రమున పెక్కు పట్టణములకు, నగరములకు ఎన్నికలు జరిగినను, గ్రామముల విలీనము, దానిచుట్టు అల్లుకొన్న వ్యాజ్యముల మూలమున రాజమహేంద్రవరమునకు జరుగలేదు. పాలకవర్గపు గడువు ఐదేండ్లకు మించరాదనియు, గడువు తీరకమునుపే ఎన్నిక ముగియవలెననియు రాజ్యాంగము 243-యు అధికరణమున స్పష్టముగా విధించినది. 2006లో అహమ్మదాబాదు నగరపాలక సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ గడువును కాలయాపనలకు లోబరుపరాదని తీర్పు చెప్పినది. ఐనను ఏండ్ల తరబడి ప్రత్యేకాధికారుల పాలనయే సాగినది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల నగరములలో వార్డు సంఘములు ఉండవలెనని 243-ఎస్ అధికరణము చెప్పుచున్నది. 2011 జనగణననాటికే ఈ నగర జనాభా 3 లక్షల 40 వేలు దాటినది. ఎన్నికైన సభ లేనిచోట వార్డు సంఘములను గూర్చి అడుగుటయు కష్టమే.

కార్పొరేటరు లేనందువలన కలుగు నష్టమును మనము సరిగా కొలుచుటలేదు. కార్పొరేటరు ఎంత సామాన్యుడైనను, ఎంత బలహీనుడైనను, వీధికిని కార్యాలయమునకును నడుమ వార్తను మోయువాడు. సభలో ఒకరు లేచి ప్రశ్నించినపుడు అధికారి లేచి జవాబు చెప్పవలసి వచ్చును; ఆ జవాబు నమోదగును; విలేఖరి వ్రాసికొనును. సభ లేనపుడు ప్రశ్న లేదు, ప్రశ్న లేనపుడు నమోదు లేదు. అధికారులలో దక్షులు, నిష్కళంకులు ఉండవచ్చును, ఉన్నారు. కాని వారి దక్షతయు ప్రజల కంటికి కనబడకయే గడచిపోవుచున్నది.

పత్రికలు ఈ లోటును పూరింపవా యని అడుగవచ్చును. 1974లో పుట్టిన 'ఈనాడు', 1989 నుండి జిల్లాకొక అనుబంధమును చేర్చి, ఊరి వార్తను ఊరివారి చేతికి తెల్లవారకమునుపే అందించు పద్ధతిని తెలుగునాట నెలకొల్పినది. తక్కినవియు ఆ మార్గమునే అనుసరించినవి. అది సామాన్యమైన మార్పు కాదు. మారుమూల పంచాయతీలోని చేతిపంపు చెడినను అచ్చులోకి ఎక్కు కాలము వచ్చినది. ఐనను దినపత్రిక స్వభావమున ఒక పరిమితి కలదు. నేటి పుట నిన్నటి పుటను మరచును. నిన్న గుంతనుగూర్చి వ్రాసిన విలేఖరి నేడు మరియొక ప్రమాదమునకు పరుగెత్తవలెను. మాసపత్రిక వచ్చుసరికి సంగతి చల్లారిపోవును. పురపాలన యను కార్యమునకు సహజమైన కాలమానము వారము: ఫిర్యాదుల స్వీకరణ వారమునకొకసారి, అధికారుల సమీక్ష వారమునకొకసారి, సంత వారమునకొకసారి. ఒక పని కదలినదో లేదో తేల్చుటకు ఏడు దినములు చాలును. గత వారపు మాట జనులకు ఇంకను జ్ఞాపకముండుటకును ఏడు దినములే హద్దు.

ఇక ప్రభుత్వము ఇప్పటికే తెరచిన ద్వారములు కలవు. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయములు వెలసినవి. ప్రతి సోమవారమును ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీలు పుచ్చుకొనుచున్నారు. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేర వాట్సాప్ ద్వారా సేవలందించు ఏర్పాటు ఆరంభమైనది. బిల్లులు, ధ్రువపత్రములు చేతిలోని ఫోనులోనే దొరకు సౌకర్యము మెచ్చదగినదే. కాని వీనియన్నిటియందును ఒక సమాన లక్షణమున్నది: ఇవి ఒక్కొక్క మనిషిని ఒక్కొక్క అర్జీదారునిగా చూచును. నా అర్జీకి నాకు జవాబు వచ్చును. నా పొరుగువాడు అదే అర్జీ పెట్టెనని నాకు తెలియదు, వానికి వచ్చిన జవాబు తెలియదు, ఆ వీధిలో నలుబదిమంది ఒకే కుళాయినిగూర్చి మొరపెట్టుకొనిరన్న సంగతి ఆ నలుబదిమందిలో ఏ ఒక్కరికిని తెలియదు. విడివిడిగా తీరిన కోరికలవలన ఊరు ఏర్పడదు. అందరకు సంబంధించిన సంగతి అందరకు ఒకేసారి తెలిసినపుడే నలుగురు కూడి మాటాడుకొనుటకు ఆధారము కలుగును. దొరకని సమాచారపు చోటును వదంతి ఆక్రమించుట వాట్సాప్ కాలమున మనము నిత్యము చూచుచున్నాము.

ముందుగా అందరకు తెలియు సంగతి విలువకు డెల్టాలోనే మరియొక నిదర్శనము కలదు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. ఆ తేదీ ముందుగా తెలిసిన పురపాలకులు భీమవరమునందును, పాలకొల్లునందును, నరసాపురమునందును, అమలాపురమునందును తమ మంచినీటి చెరువులను నింపుకొందురు. ఆ నీటితోనే మరల కాలువలకు నీరు వదలువరకు పట్టణము దప్పి తీర్చుకొనవలెను. కాలువ కట్టు తేదీ రైతుకెంత ముఖ్యమో పట్టణపు గృహిణికిని అంతే ముఖ్యము. చెరువు ఎన్ని అడుగులు నిండినది, దినమునకు ఎంత వాడుచున్నారు, ఎన్ని దినములకు సరిపోవును అను మూడు అంకెలను వారవారము కూడలిలో వ్రాసిపెట్టినచో, నీటిని పొదుపు చేయుడని మైకుపెట్టి చెప్పు ఆటోలు ఊరంతయు తిరుగనక్కరలేదు. రాజమహేంద్రవరమునకును ఇట్టి అంకెలు కలవు. పెద్దవాన కురిసినపుడు తుమ్మలావ, ఆర్యాపురము, కంబాలచెరువు ప్రాంతములు మునుగుట ఏటేట జరుగుచున్నదే. నది పొంగి మురుగుకాలువల మట్టమును మించినపుడు ఊరి నీటికి వెలుపలికి దారి ఉండదు, మోటార్లతో తోడవలెను. ఆ మోటార్లు ఎన్ని సిద్ధముగా నున్నవి, ఏ కాలువలో పూడిక తీసిరి, దేనిలో తీయవలసియున్నది అను సంగతులు జ్యేష్ఠమాసమున తెలిసినచో ప్రయోజనము, శ్రావణమున తెలిసినచో పరితాపము మాత్రమే.

కనుక నగరపాలక సంస్థయే తన పనుల లెక్కను వారవారము ఒక పత్రముగా వెలువరింపవలెనని నా సూచన. చట్టము దీనికి అడ్డుపడుటలేదు సరికదా, ఆజ్ఞాపించుచున్నది. 2005 సమాచార హక్కు చట్టములోని 4వ విభాగము, ఎవరును అడుగకయే ప్రభుత్వ సంస్థలు తమ సమాచారమును వెల్లడింపవలెననియు, స్థానిక భాషలో, ఆ ప్రాంతమున చక్కగా చేరు సాధనముద్వారా అందింపవలెననియు చెప్పుచున్నది. నోటీసు బోర్డులను, పత్రికలను, చాటింపును పేరు పేరున పేర్కొన్నది. అర్జీ పెట్టి, రుసుము కట్టి, ముప్పది దినములు వేచి సమాచారమును రాబట్టుకొను పౌరులను మనము మెచ్చుకొందుము. నిజమునకు వారికి ఆ శ్రమ కలుగకుండ చూడవలెననుటయే ఆ చట్టపు తొలి తలంపు.

సర్కారు స్వయముగా వెలువరించు వార్తాపత్రము ఏలికల స్తోత్రపాఠముగా మారునన్న భయము సహేతుకమైనదే, దానిని తేలికగా త్రోసివేయరాదు. అట్టి పత్రములను మనము చూచియున్నాము. మొదటి పుటలో నాయకుల చిత్రములు, రెండవ పుటలో శుభాకాంక్షలు. దీనికి విరుగుడు పత్రపు స్వరూపమును ముందే కట్టుదిట్టము చేయుటలో నున్నది. చిత్రములు ఉండరాదు. విశేషణములు ఉండరాదు. గతవారము చేసెదమన్న పనులలో చేయనివి మొట్టమొదట అచ్చుపడవలెను, కారణముతో సహా. ఒక పని ముగియువరకు, అది ఏడాదియైనను, ఆ పద్దు పత్రమునుండి తొలగరాదు. ముగిసిననాడు ముగిసినదని, ఎంతకు ముగిసినదో చెప్పి తొలగింపవలెను. క్రింద కమిషనరుగారి సంతకముండవలెను. ఇట్టి పొడి పత్రము పత్రికలకు పోటీ కాదు, ఆధారము. నగరపాలక సంస్థ ఇచ్చు ప్రకటనలమీద కొంత ఆధారపడి బ్రదుకు చిన్న వారపత్రికలకు ఆ సంస్థను ప్రశ్నించుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. అధికారికముగా వెలువడిన అంకెలనే ఎత్తిచూపి ప్రశ్నించుటకు వారికిని వెరపు తగ్గును.

ఇతరదేశములలో ఇట్టి లెక్క వెల్లడించుటకు పాత అలవాట్లు కలవు. అమెరికా ఈశాన్యమున న్యూ ఇంగ్లండు పట్టణములు తమ వార్షిక పౌరసభకు ముందు ఆ ఏటి ఖర్చులను పద్దులవారీగా అచ్చువేసి ఇంటింటికి పంచెడివి. ఆ దేశముననే స్థానిక పత్రికలు మూతపడిన ప్రాంతములను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు, కనిపెట్టు కన్ను లేనిచోట పురపాలకులు తెచ్చు ఋణములకు వడ్డీ స్వల్పముగా పెరుగుచున్నదని కనుగొనిరి. వార్త లేమికి వెల కలదు. దానిని చెల్లించువాడు పన్ను కట్టువాడే.

మనకు ఆలస్యము చేయుటకు వీలులేని కారణమొకటి దాపుననే యున్నది. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. 2015 జులై 14న, పుష్కరముల తొలినాటి ఉదయమున, పుష్కర ఘాట్‌వద్ద జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా భక్తులు ప్రాణములు కోల్పోయిరి. జస్టిస్ సి.వై. సోమయాజులుగారి ఏకసభ్య సంఘము దానిని విచారించినది. తప్పెవరిదను వాదమును ఇక్కడ తిరుగదోడను. ఏ రేవులో మునిగినను గోదావరియే, ఏ వేళ మునిగినను పుష్కరమే యను మాట, ఫలానా ఘాట్‌లో జనము నిండినారు కోటిలింగాల ఘాట్‌కు పొండను మాట, ఆ ఉదయమునకు ఎంతో ముందుగా నమ్మకమైన గొంతుతో జనులకు చేరవలసియుండెను. అట్టి నమ్మకము పండుగ మూడు దినములున్నదనగా పుట్టునది కాదు. చాలకాలము వారవారము నిజము చెప్పిన గొంతునకే ఆనాడు జనము చెవియొగ్గుదురు. పుష్కరముల పనులకై ఊరంతయు త్రవ్వు దినములు కనుక, ఏ వీధి ఎప్పుడు మూయుదురో, ఏ పనికి ఎంత మంజూరైనదో చెప్పుటకు విషయమునకును కొరత ఉండదు.

ఈ వారపత్రమునకు కొత్త భవనమక్కరలేదు, కొత్త ఉద్యోగులక్కరలేదు. ప్రతి వార్డు సచివాలయమున పారిశుధ్యమునకు, మౌలిక వసతులకు, ప్రణాళికకు వేర్వేరు కార్యదర్శులున్నారు. శనివారము సాయంకాలము ఒక్కొక్కరు నాలుగు పంక్తులు వ్రాసినచో వార్డు పత్రము సిద్ధమగును. వానిని కూర్చి రెండు పుటల నగరపత్రముగా సోమవారము ఉదయమునకు సచివాలయముల గోడలమీదను, రైతుబజారులలోను అంటింపవచ్చును. చదువురానివారికై చెత్తబండి మైకులోనే ముఖ్యాంశములను వినిపింపవచ్చును. ఒక్కొక్క ప్రతిని గౌతమీ గ్రంథాలయమున తేదీవారీగా కట్టి భద్రపరుపవచ్చును. ఎన్నికలు జరిగి కొత్త సభ కొలువుదీరిననాడు, తమకు ముందు ఈ ఊరిలో ఏ పని ఎక్కడ ఆగినదో తెలిసికొనుటకు కార్పొరేటర్లు ఆ కట్టనే విప్పుదురు. వరద హెచ్చరికను వెలువరించుటకును, ఉపసంహరించుటకును నీటిపారుదలవారు ఎన్నికలకొరకు ఎన్నడును వేచియుండలేదు. నగరపాలక సంస్థయు వేచియుండనక్కరలేదు, కమిషనరుగారి ఉత్తరువు ఒక్కటి చాలును.